మూడో చుక్క

గేర్‌బాక్స్ దింపి గోనెసంచి మీద పండబెట్టినం.
క్లచ్ ప్లేటు చేతికి రాకముందే
దాని వాసన వచ్చింది,
మాడిన పెనం, కాలిన వెంట్రుక, రెండూ కలిపినట్టు.
రివెట్లు పైకి తేలినయి.
అది ఎట్లైనా మార్చేదే.
నా పేచీ దాని వెనకున్న చక్రంతో.

పాత బనీను గుడ్డతో ఫ్లైవీల్ తుడిచిన.
నలుపు పోయింది, నీలం మిగిలింది.
ఐదు మచ్చలు, వాటి నడుమ సన్నటి గీతలు.
గోరు పెట్టి మెల్లగ లాగిన.
మూడు గీతలు గోరుకు తెల్వలేదు.
నాలుగో దాంట్ల ఆగింది.

ఫతేనగర్ బ్రిడ్జి కింద మే నెల పగలు.
మొగులమ్మ పాత టైరు మీద కూసుంది.
ఆమె ట్యాంకరు ఖాళీ,
ఆమె ఫోన్ల నీళ్లడిగేటోళ్లు నిండా.
"రేపు పొద్దుగాల రోడ్డెక్కుతదా, రాజలింగన్నా?"

సాబేర్ అప్పటికే ఎమరీ కాగితం చింపి పట్టుకున్నడు.
"రుద్దేద్దాం ఉస్తాద్. కొత్త ప్లేటు అదే సదురుకుంటది."

సదురుకుంటది.
నేను గూడ ఒకప్పుడు అన్న మాటే.
కూకట్‌పల్లి స్కూలు వ్యాను అది.
ఇరవై రోజులకు తిరిగొచ్చింది,
మొదటి గేరుల చలిజ్వరం పట్టినట్టు వణుక్కుంట.
గేర్‌బాక్స్ మళ్ల దించిన. కూలి నేనే మింగిన.

అట్లని అన్నీ లేతుకు మోసుడు గూడ తప్పే.
తీసిన ఇనుము తిరిగి అతకదు.
చక్రం పలచనైతే
బేరింగు అందుకోలేక పెడలు దారి తప్పుతది.

వెనకకు తిప్పి చూసిన.
అంచున పంచుతో కొట్టిన రెండు చుక్కలు.
ఎవడో మేస్త్రి, ఏ ఊరోడో,
ఇంతకుముందే రెండుసార్లు పట్టించి
ముఖం తెల్వని నాకు
రెండు చుక్కల ఉత్తరం రాసి పెట్టిండు.

డ్రైవరు ఎల్లేశు దూరంగ నిలబడ్డడు.
"ఎడమకాలు పెడలు మీదికెల్లి తియ్యవు గదరా?"
"జూబ్లీహిల్స్ ఎత్తు మీద
ఐదువేల లీటర్లు వీపుకున్నప్పుడు
ముందటి కారు కదలకపోతే
కాలు ఏడ పెట్టాలె అన్నా?"
నా దగ్గర జవాబు లేదు.
హ్యాండ్‌బ్రేకు అని అనబోయిన.
దాని కేబులు తెగి ఎన్నాళ్లైందో ఇద్దరికీ తెలుసు.

"కొత్త చక్రం పద్దెనిమిది వేలు" అన్న.
మొగులమ్మ లేచి వచ్చి
ఆ నీలం మచ్చ మీద బొటనవేలు పెట్టి చూసింది.
"నీ బండైతే ఏం జేస్తవ్?"

నా బండైతే, అని మొదలువెట్టి ఆగిన.
నా బండికి ఐదో తారీకు కిస్తీ లేదు.
"ఒక్కసారి పట్టిస్త.
గీత పోతే ఇదే. పోకుంటే కొత్తది.
ఇంకో మాట అడగొద్దు."

స్కూటరు కాళ్ల నడుమ చక్రం పెట్టుకొని
బాలానగర్ పోయిన.
వడ్ల సోమాచారి అద్దాలు నుదుటి మీదికి జరిపి
మచ్చను వేలిగోటితో టకటక కొట్టి విన్నడు.
"కత్తి పనికిరాదు. ఇనుము ఈడ గాజైంది, కత్తి ఎగురుతది.
రాయితోనే పట్టాలె."
"మచ్చ పోతదా?"
"లోపలికి దిగింది. అది పోయేదాంక తీస్తే
నీకు చక్రం మిగలదు.
రంగు ఉండనీ. ఎత్తుపల్లం పోతే చాలు."

రాయి తిరిగింది. నీళ్లు, నల్లటి బురద,
పళ్లు జివ్వుమనే మోత.
సోమాచారి ఒకసారి ఆపి గేజు చూసిండు,
ఇంకింత, అన్నడు, మళ్ల ఆన్ చేసిండు.
చాయ్ చల్లారింది.

తుడిచి ఇచ్చినంక గోరు లాగిన.
నాలుగో గీత దగ్గర ఊపిరి బిగబట్టిన.
గోరు జారింది.
నీలం మాత్రం పలచగ, దెబ్బ మానిన చోటులెక్క ఉంది.

సుత్తె అడిగి తీసుకొని
రెండు చుక్కల పక్కన మూడోది పెట్టిన.
తర్వాత వచ్చేటోనికి ఇంక లేదని తెలియాలె,
అందుకని కొంచెం గట్టిగనే కొట్టిన.

తెల్లారి నీళ్లు నింపుకొని
ట్యాంకరు బ్రిడ్జి ఎక్కింది.
మొదటి గేరు. నేను కింద నిలబడి చెవి పెట్టిన.
వణుకు లేదు.
ఎల్లేశు ఎడమకాలు ఏడ ఉన్నదో చూద్దామని మెడ చాచిన.
కింది నుంచి కనబడలేదు.